పాతరలోకి దించని దీపం

మొన్న ఒక అమ్మాయి చేతిలో పలకంత ఫోను పట్టుకుని మా గడప ముందు నిలబడింది. ప్రభుత్వం తరఫున వచ్చానంది. ఇంట్లో ఎంతమంది, గదులెన్ని, గ్యాసు బండలెన్ని, పొలం ఉందా, బండి ఉందా అని వరసబెట్టి అడిగింది. నేను కుర్చీ వేసి కూర్చోబెట్టి అన్నీ చెప్పేశాను. నా మోకాళ్ళ నొప్పుల సంగతి ఆమె అడగలేదు, అదీ చెప్పాను. ఆమె వెళ్ళిపోయాక నాకు నవ్వాగలేదు. మా జేజి బతికి ఉంటే నా నోట్లో గడ్డి కుక్కి ఉండేది.

జేజి అంటే మా నాయనమ్మ. సర్కారు మనిషి ఎవరొచ్చి ఏమడిగినా ఆమె దగ్గర జవాబు ఒకటే ఉండేది. లేదు. ఇంట్లో మనుషులెంతమంది అని అడిగినా ముందు లేదనేసి, ఆ తర్వాత ఆలోచించుకునేది.

మాది నంద్యాల నుంచి ఆళ్ళగడ్డకు పోయే దారిలో, బండిబాట పట్టి లోపలికి పోతే వచ్చే ఊరు. అంతా నల్లరేగడి. వాన పడితే బండి చక్రాలు ఇరుసు దాకా దిగబడేవి. ఎండాకాలం నేల నెర్రెలు చీలితే ఆ నెర్రెలోకి నా చెయ్యి మోచేతి దాకా పోయేది. తేళ్ళుంటాయని అమ్మ తిట్టినా నేను పెట్టి చూసేదాన్ని. వానాకాలంలో ఏ అధికారీ మా ఊరికి రాలేడు కాబట్టి మా జేజికి వానాకాలమంటే మహా ఇష్టం.

మా దగ్గర జొన్నలు దాచుకునేది పాతరల్లో. కొట్టంలో నేలను లోతుగా తవ్వుతారు. మూతి ఒక మనిషి దిగేంత, లోపల మాత్రం కుండ కడుపంత వెడల్పు. అడుగునా చుట్టూ ఎండుగడ్డి పరచి, జొన్నలు నింపి, పైన మళ్ళీ గడ్డి వేసి, బండ మూసి, మట్టి కప్పి పేడతో అలికితే ఇక అక్కడ గొయ్యి ఉందని కొత్తవాడికి తెలియదు. దాని మీదే ఎద్దులను కట్టేసేవాళ్ళం. ఏడాదైనా రెండేళ్ళయినా గింజ చెడేది కాదు. కాకపోతే మూత తీసిన రోజు వీధంతా వాసన. పులిసినట్టూ, వెచ్చగా, ముక్కులోంచి నేరుగా కడుపులోకి దిగే వాసన. ఆ జొన్నలతో కొట్టిన రొట్టెకు కూడా అదే వాసన. అలవాటు లేనివాళ్ళు ముక్కు మూసుకుంటారు గానీ, ఆ రొట్టె మీద ఉల్లిగడ్డ కారం పూసుకుని, వెన్న ముద్ద పెట్టుకుని తింటే ఎలా ఉంటుందో నాకు తెలుసు. ఇప్పుడు తిందామన్నా దొరకదు.

పాతర తీయడానికి ఒక పద్ధతి ఉండేది. పొద్దున్నే మూత తీసి ఆ రోజంతా తెరిచి పెట్టేవాళ్ళు. మరునాడు తాడుకు దీపం కట్టి లోపలికి దించేవాళ్ళు. దీపం వెలుగుతుంటే మనిషి దిగొచ్చు. ఆరిపోతే ఇంకా ఆగాలి. మూసి పెట్టిన గింజల్లో గాలి చెడిపోయి ఉంటుంది. దీపం దించకుండా దిగినవాళ్ళు మళ్ళీ ఎక్కి రాలేదని మా ఊళ్ళో పాలు తాగే పిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

మా జేజికి సర్కారంటే అంత కోపం ఊరికే రాలేదు. యుద్ధం రోజుల్లో, పండిన గింజల్లో సర్కారుకు ఇంత కొలవాలని లెవీ పెట్టారట. వసూలుకొచ్చే అధికారి అమీనూ, ఆయన బంట్రోతులూ ఇనుప కడ్డీలు పట్టుకుని వచ్చి, కొట్టాల్లో నేల పొడిచి చూసేవాళ్ళట. కడ్డీ మెత్తగా దిగిన చోట పాతర ఉన్నట్టు. ఒక ఏడు మా పాతర మొత్తం తోడుకుని, జేజి చేతిలో ఒక చీటీ పెట్టి పోయారట. ఆ ఎండాకాలమంతా ఇంటిల్లిపాదీ పలచటి అంబలి తాగి గడిపారట. ఆ చీటీని ఉప్పూకారం వేసుకుని తినమన్నారని జేజి చెబుతుండేది. నాకు ఊహ తెలిసే నాటికి లెవీ ఎత్తేశారు. ఎత్తేశారని దండోరా కూడా వేశారు. దండోరా వేసినవాడు మాత్రం సర్కారోడు కాదా అని జేజి ఆ మాట నమ్మలేదు. ఆమె ఒక్కతే కాదు, ఊరు ఊరంతా అంతే.

పెద్దవాళ్ళ భయం మాకు ఆట. అమీను ఆట అని ఒకటి ఆడుకునేవాళ్ళం. ఇసకలో చింతగింజలు పాతి, వాటి మీద కాళ్ళు చాపుకుని అమాయకంగా కూర్చోవాలి. అమీను పుల్ల పట్టుకుని వచ్చి మొహాలు చూసి కనుక్కోవాలి. మొహం చూసి నన్ను పట్టుకున్నవాళ్ళు ఒక్కరూ లేరు. నా అంత బాగా అబద్ధమాడే పిల్ల ఊళ్ళో లేదని మా చిన్నాయన నన్ను భుజాల మీద ఎక్కించుకుని తిప్పాడు.

చిన్నాయన మా నాయన తమ్ముడు. అప్పటికి ఇరవై ఏళ్ళుంటాయేమో, మీసం సరిగ్గా రాలేదని దిగులు పడుతుండేవాడు. చేనిలో కంకులు పాల మీద ఉన్నప్పుడు కాల్చి, అరచేతుల్లో నలిపి, ఊక ఊది, వేడి వేడి ఊచబియ్యం నా ఒళ్ళో పోసేవాడు. నంద్యాలకు పత్తి బండ్లు పోయేటప్పుడు నన్ను పత్తి కుక్కిన బోరాల మీద కూర్చోబెట్టుకుని తీసుకుపోయేవాడు. నాయన కన్నా ఆయనే నాకు ఎక్కువ. ఈ మాట నాయన ముందు కూడా అనేదాన్ని.

కర్నూలు రాజధాని అయి, అక్కడ గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయని చెప్పుకునే రోజులవి. ఒక ఎండాకాలం చివర మా ఊరికి సైకిలు మీద ఒక కుర్రవాడు వచ్చాడు. సన్నగా, గాలికి పడిపోయేలా ఉన్నాడు. భుజానికి ఖాకీ సంచి. పల్లెలను బాగుచేయడానికి సర్కారు పెట్టిన కొత్త ఉద్యోగమట ఆయనది. కోస్తా మనిషి. ప్రతి మాటకూ చివర అండీ అనేవాడు. మా వాళ్ళకు అనుమానం అక్కడే మొదలైంది. ఎద్దులు తోలుకునేవాణ్ణి పట్టుకుని అండీ అన్నాడంటే వీడికి మన దగ్గర్నుంచి ఏదో పెద్దదే కావాలి అని తేల్చుకున్నారు.

వచ్చిన రోజే చావడిలో అందరినీ కూర్చోబెట్టి, మీ ఊళ్ళో పాతరలు ఎన్ని ఉన్నాయండీ అని అడిగాడు. ఇంకేం అడిగినా బాగుండేది. చివరికి ఒక పెద్దాయన గొంతు సవరించుకుని, పాతరలా, అవేవో ఆళ్ళగడ్డ పక్క ఉంటాయని విన్నామన్నాడు. ఆళ్ళగడ్డ పక్క అడిగితే అవి నంద్యాల పక్క ఉంటాయని చెప్పారట. పాపం ఆయన అక్కణ్ణుంచే వచ్చాడు.

ఉండడానికి ఆయనకు ఎవరూ ఇల్లు ఇవ్వలేదు. ఊరి చివర చర్చి బడి అయ్యవారు జాలిపడి వరండా ఇచ్చాడు. ఆ పిల్లోడు మంచోడు, ఏదో మందు గురించి చెబుతున్నాడు, వినండయ్యా అని అయ్యవారు ఒకరిద్దరితో అన్నాడు కూడా. వాళ్ళకు అయ్యవారి మీద కూడా అనుమానం వచ్చింది.

ఒకటి రెండు రోజుల్లో విసిగి పోతాడనుకుంటే ఆయన పోలేదు. మేము వీధిని గేరి అంటాం, పొద్దున ఒక గేరి, సాయంత్రం ఒక గేరి తిరుగుతూనే ఉన్నాడు. మా ఇంట్లో బానల్లో జొన్నలు అయిపోవచ్చాయి. ఇంట్లో పదిమందిమి, పైగా కూలివాళ్ళకు గింజలే కొలవాలి. ఇవాళ పోతాడు, రేపు పోతాడు అని జేజి రోజూ బాన అడుగు గీకింది. అయిదో రోజు అమ్మ బానను బోర్లించి చూపించింది. పాతర తీయక తప్పలేదు.

కానీ ఎలా తీయడం? పొద్దున మూత తీసి మరునాటి దాకా తెరిచి పెడితే ఆ వాసన అయ్యవారి వరండా దాకా పోతుంది. అందుకని జేజి ఒక ఉపాయం ఆలోచించింది. మిట్టమధ్యాహ్నం, ఆయన పైగేరిలో తిరిగే వేళ, మూత తీసి నాలుగు గంపలు తోడుకుని వెంటనే మూసేయాలి. వాసన కప్పడానికి అమ్మ పొయ్యి మీద ఎండు మిరపకాయలు వేయించాలి. నేను తలుపు ముందు కూర్చుని, ఆయన వస్తే మాటల్లో పెట్టాలి. దీపం సంగతి నాయన ఒకసారి ఎత్తాడు. జేజి, బిరీన దిగి బిరీన ఎక్కితే ఏమీ కాదంది. చిన్నాయన అప్పటికే పంచె ఎగ్గట్టుకున్నాడు.

నేను గడప మీద కూర్చున్నాను. లోపల మిరపకాయల ఘాటుకు అందరూ తుమ్ముతున్నారు. సరిగ్గా అప్పుడే ఆ గాలికి పడిపోయే మనిషి సైకిలు నడిపించుకుంటూ మా గేరిలోకే వచ్చాడు. పెద్దవాళ్ళు లేరా అని అడిగితే చేనికి పోయారని చెప్పాను. లోపల తుమ్ముతున్నదెవరని అడిగితే మా ముసలి జేజి అన్నాను. ఆయన గాలి పీల్చి చూశాడు. ఈ ఘాటులో ఏదో పులిసిన వాసన కూడా వస్తోందే అన్నాడు. కుడితి కుండ పగిలిందని తడుముకోకుండా చెప్పాను. ఆయన నవ్వి, ఎదురింటి అరుగు మీద నీడలో కూలబడి, కాసిని మంచినీళ్ళు ఇస్తావా పాపా అన్నాడు. బయటి కుండలోంచి చెంబుతో ముంచి ఇచ్చాను. ఎంత బాగా అబద్ధమాడానో చిన్నాయనకు చెప్పాలని ఉబలాటపడుతున్నాను.

అప్పుడు లోపల అమ్మ గొంతు వినపడింది. అరవబోయి ఎవరో నోరు మూస్తే ఆగిపోయినట్టుంది. నేను లోపలికి పరిగెత్తాను.

కొట్టంలో పాతర తెరిచి ఉంది. రెండు గంపలు పైకి వచ్చాయి. మూడోది రాలేదు. నాయన మూతి దగ్గర బోర్లా పడుకుని తమ్ముణ్ణి పేరు పెట్టి పిలుస్తున్నాడు. నేను తొంగి చూశాను. కింద జొన్నల మీద చిన్నాయన మొహం పక్కకు తిప్పుకుని పడి ఉన్నాడు. నిద్రపోయినట్టే ఉన్నాడు. నాయన దూకబోతుంటే జేజి ఆయన నడుము పట్టుకుని వేలాడుతోంది. ఒక కొడుకు పోయాడు, రెండోవాణ్ణి దిగనివ్వనని ఆమె పట్టు. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది. నన్ను చూడగానే జేజి, "వాడు యాడుండాడు?" అంది. అరుగు మీద ఉన్నాడని చెప్పాను. "నోరెత్తొద్దు. గమ్మునుండు" అంది.

నేను జేజి మాట ఎన్నడూ దాటలేదు. ఆ క్షణం ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. మళ్ళీ ఒకసారి లోపలికి చూశాను. చిన్నాయన చేతివేళ్ళు జొన్నల్లో సగం మునిగి ఉన్నాయి. ఇక నాకేం పట్టలేదు. వీధిలోకి పరిగెత్తి అరుగు మీది సర్కారు మనిషి ముందు నిలబడి చెప్పేశాను. "సార్, నేను చెప్పిందంతా అబద్దం. మా ఇంట్లో పాతరుంది. మా చిన్నాయన అందులో పడినాడు."

చెంబు ఎక్కడ పడిందో, ఆయన ఎప్పుడు లేచాడో నాకు తెలియదు. నాకంటే ముందే కొట్టంలో ఉన్నాడు. ఆయన అరవలేదు. నాయన భుజం పట్టుకుని, "దిగుదురుగాని, నడుముకు మోకు కట్టుకుని దిగండి. ఊపిరి బిగబట్టండి. నేను ఇరవై లెక్కపెడతాను, ఇరవైకి మిమ్మల్ని లాగేస్తాం" అన్నాడు. బండి మోకు గోడకే వేలాడుతోంది. నాయన నడుముకు ఒక కొస కట్టి, చిన్నాయనకు కట్టమని ఇంకో తాడు చేతికి ఇచ్చారు. నాయన దిగాడు. పైన సర్కారు మనిషి ఒకటీ రెండూ అని బయటికి లెక్కపెడుతున్నాడు. ఇరవైకి అమ్మా జేజీ ఆయనా కలిసి లాగారు. నాయన ఒట్టి చేతులతో పైకి వచ్చి, కళ్ళు ఎర్రగా, నేల మీద పడి రొప్పాడు. రెండోసారి దిగుతుంటే జేజి ఏడవడం కూడా మానేసి ఆ లెక్కే వింటోంది. పద్దెనిమిది దగ్గర, కట్టేశానన్నట్టు తాడు రెండుసార్లు కదిలింది.

అప్పటికి ఇరుగుపొరుగు వచ్చి తాడు అందుకున్నారు. ముందు నాయనను, తర్వాత చిన్నాయనను లాగారు. భుజాలు మూతిలో ఇరుక్కుని ఒకసారి ఆగాడు. పైకి తీసి పడుకోబెడితే పెదాలు నేరేడు పండ్లలా ఉన్నాయి. చెంపకు జొన్నగింజలు అంటుకుని ఉన్నాయి. సర్కారు మనిషి చిన్నాయనను బోర్లా తిప్పి, తల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులతో వీపు మీద బలంగా అదమడం, మోచేతులు పట్టి పైకెత్తడం, మళ్ళీ అదమడం మొదలుపెట్టాడు. వాళ్ళకిచ్చే శిక్షణలో నేర్పారట. అది మాకేం తెలుసు? జేజి తన కొడుకును కొడుతున్నాడనుకుంది. ఆయన చొక్కా పట్టుకుని వీపు మీద పిడికిళ్ళతో గుద్దింది. "సచ్చినోన్ని గూడా ఇడిసిపెట్టరా మీరు" అని ఏడ్చింది. ఆయన ఆమె వైపు చూడలేదు. అదుముతూనే ఉన్నాడు.

చిన్నాయన దగ్గాడు.

ముందు చిన్నగా దగ్గి, తర్వాత కడుపులోది కక్కాడు. కళ్ళు తెరిచి, మిరపకాయలు మాడుతున్నాయి వదినా అన్నాడు. నిజంగానే పొయ్యి మీద బొగ్గయిపోయాయి. అమ్మ నవ్వుతూ ఏడుస్తూ పొయ్యి దగ్గరికి పరిగెత్తింది. జేజి గుద్దడం ఆపింది గానీ ఆయన చొక్కా మాత్రం వదల్లేదు, అలాగే పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. నాకు ఏడుపు ఆగలేదు. బతికాడు అన్న మాట నాకు నేనే ఎన్నిసార్లు చెప్పుకున్నానో. అంత సంతోషం నాకు తర్వాత పెళ్ళిలోనూ రాలేదు, పిల్లలు పుట్టినప్పుడూ రాలేదు.

కాసేపటికి అందరికీ తెలివి వచ్చింది. పాతర నోరు తెరుచుకుని ఉంది. సర్కారు మనిషి దాని పక్కనే ఉన్నాడు. ఆయన ఖాకీ సంచిలో పుస్తకం ఉంది. కొట్టంలోని ఇరవైమందీ ఆ సంచి వైపే చూస్తున్నారు. ఆయన మొహం తుడుచుకుని, దీపం దించి చూడాలని మీకు తెలియదా అండీ అని నాయనను అడిగాడు.

నాయన తల వంచుకుని చెప్పాడు. "తెల్సు సార్. తెరిచి పెట్టుకుంటే మీకు వాసన తగుల్తాదని అప్పుడే దిగినాము. మీరు ఊళ్ళో లేకుంటే దీపం దించేటోళ్ళమే."

ఆయన సంచిలోంచి పుస్తకం తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. పాతరలో పరిచే గడ్డి మీద చల్లడానికి పురుగుల మందు వస్తోందనీ, పాతరకు ఒక పొట్లం చొప్పున తెప్పించడానికే ఎన్ని ఉన్నాయని అడిగాననీ మెల్లగా చెప్పాడు. ముందు నవ్వింది చిన్నాయన. పడుకునే నవ్వాడు, నవ్వుతూ దగ్గాడు. తర్వాత కొట్టమంతా నవ్వింది. ఒకరొకరే ముందుకు వచ్చి, మాకు రెండు సార్, మాకొకటి సార్ అని రాయించుకున్నారు. ఆళ్ళగడ్డ పక్క అన్న పెద్దాయనకు మూడున్నాయి.

జేజి లేచి చేతులు కడుక్కుంది. ఆ రోజు పైకి వచ్చిన గింజలే విసిరించి రొట్టెలు కొట్టించింది. సర్కారు మనిషికి మా ఇంట్లో అన్నం పెట్టడం అదే మొదలు. ఆయన కోసం కొట్టంలో ఎద్దులు మేత తినే గాటి పక్కన ఒక మూల చాప తానే పరిచింది. ఇంట్లో అంత జాగా ఉండగా ఆ మూలే ఎందుకో నాకూ అమ్మకూ తెలుసు. దాని కిందే మా రెండో పాతర ఉంది.

ఆయన రొట్టె వాసన చూసి ఒక్క క్షణం ఆగి, తర్వాత వంచిన తల ఎత్తకుండా తిన్నాడు. రెండో రొట్టె మధ్యలో పుస్తకం తీసి, "మీకెన్ని రాయమంటారండీ పెద్దమ్మగారూ?" అన్నాడు.

"ఒగటే నాయనా. సూసినావు గదా" అంది జేజి. కొడుకును బతికించినవాడి ముందు, కన్ను కూడా ఆర్పకుండా.

ఆయన నీళ్ళు తాగి చెంబు చాప పక్కన నేల మీద పెట్టాడు. గుల్లగా చప్పుడైంది. ఆయనకు వినపడింది. ఆయనకు వినపడిందని జేజికీ తెలిసింది. ఆయన చెంబు వైపు చూసి, తర్వాత కళ్ళెత్తి నా వైపు చూశాడు.

తొలకరికి ముందు ఆయన సైకిలుకు గోనెసంచి కట్టుకుని మందు తెచ్చాడు. జేజి చేతికి ఒక పొట్లం ఇచ్చి, ఎందుకైనా మంచిది, ఉంచండి అని ఇంకొకటి కూడా పెట్టాడు. జేజి రెండూ కొంగులో వేసుకుంది. ఆయన మలుపు తిరిగాక, "మంచోడే. అయినా సర్కారోడే గదా" అంది. ఆ తర్వాత ఆయనను ఎక్కడికో మార్చారు. మళ్ళీ మా ఊరివాళ్ళెవరూ ఆయనను చూడలేదు. పాతరలూ పోయాయి, ఆ కొట్టమూ పోయింది. చిన్నాయన మాత్రం మనవళ్ళను ఎత్తుకుని, ఎనభై దాటి, పోయిన ఏడే తృప్తిగా కన్ను మూశాడు.

ఆ సర్కారు మనిషి కాపాడిన ప్రాణం సంగతి ఇంట్లో అందరూ చెప్పుకునేవాళ్ళు. నాకు మాత్రం ఈ వయసులో ఎక్కువగా గుర్తొచ్చేది, చెంబు చప్పుడయ్యాక ఆయన నా వైపు చూసిన ఆ చూపు. నన్ను అడిగితే రెండని చెప్పి ఉండేదాన్ని. ఒకే రోజు ఆయనతో రెండోసారి అబద్ధమాడే ధైర్యం నాకు లేదు. పక్కనే జేజి కొంగు నులుముకుంటూ నిలబడి ఉంది. ఆయన నన్ను ఏమీ అడగలేదు. పుస్తకంలో ఏదో రాసుకుని, మూసి సంచిలో పెట్టి, ఇంకొంచెం ఉల్లిగడ్డ కారం తెచ్చిపెట్టమన్నాడు. నేను పరుగున తెచ్చి వేశాను.